ట్యాబ్‌లో మూడు కలిపే ఆట: మొదటి మూవ్ నుంచి ఇరుక్కుపోయిన లెవెల్ దాకా

మా పెద్దమ్మకి డెబ్బై దాటాయి. మనవడి ఆన్‌లైన్ క్లాసుల కోసం కొన్న పది అంగుళాల ట్యాబ్ ఇప్పుడు ఆవిడదే. మధ్యాహ్నం భోజనాలై వంటిల్లు సర్దుకున్నాక అది ఆవిడ ఒళ్లోకి చేరుతుంది. నెలకి ఒకటి రెండుసార్లు కాకినాడ నుంచి నాకు ఫోను: "ఒరే, ఇంకా రెండే జెల్లీలు మిగిలాయిరా, మూవ్‌లు అయిపోయాయి. ఏం చెయ్యమంటావు?" మూవ్‌లు అయిపోయాక చెయ్యడానికేమీ ఉండదు. అందుకే అవి అయిపోకముందు ఏం చెయ్యాలో ఇక్కడ రాస్తున్నాను. ఇందులో సగం నేను ఆవిడకి చెప్పినవి, సగం ఆవిడ నాకు నేర్పినవి.

ఉదాహరణగా క్యాండీ క్రష్ సాగా తీసుకుంటున్నాను. మన ఇళ్లలో ఎక్కువమందికి తెలిసిన ఆట అదే. పక్కపక్కనున్న రెండు మిఠాయిల్ని తారుమారు చేస్తే ఒకే రంగువి మూడు వరుసలో కలవాలి. కలిస్తే మాయమవుతాయి, పైనున్నవి కిందికి జారతాయి, పైనుంచి కొత్తవి పడతాయి. ఇలా ఒకసారి కలపడమే ఒక మూవ్. కొన్ని గళ్లలో మిఠాయి వెనక జెల్లీ పొర ఉంటుంది, ఆ గడిలోది కలిసి పోతే జెల్లీ కూడా ఒక పొర పోతుంది. ఈ పద్ధతి చాలా పాతది. 1994లో అలెమ్‌జిన్ అనే రష్యన్ ప్రోగ్రామర్ పాతకాలపు డాస్ కంప్యూటర్ల కోసం రాసిన షరికీ అనే ఆటలో ఉన్నది ఇదే. 2001లో పాప్‌క్యాప్ అనే సంస్థ తెచ్చిన బిజ్యువెల్డ్ ఆటతో ఇది ఊరూరా తెలిసింది. కింగ్ సంస్థ క్యాండీ క్రష్‌ని 2012 ఏప్రిల్‌లో ఫేస్‌బుక్‌లో పెట్టి, ఆ ఏడాది చివరికల్లా ఫోన్లకీ ట్యాబ్‌లకీ తెచ్చింది. బొమ్మలు మారాయి గాని లోపలి లెక్క మారలేదు. కాబట్టి ఇక్కడ నేర్చుకున్నది రాయల్ మ్యాచ్‌లోనూ, హోమ్‌స్కేప్స్‌లోనూ పనికొస్తుంది.

ముందు ట్యాబ్‌ని దారిలో పెట్టండి

పది, పదకొండు అంగుళాల ట్యాబ్ అర కిలోకి అటూ ఇటూగా తూగుతుంది. ఐదు నిమిషాలు పట్టుకుంటే ఏమీ తెలియదు. అరగంట పట్టుకుంటే బొటనవేలి మొదట్లో లాగడం మొదలవుతుంది. ఒళ్లో దిండు వేసుకుని దాని మీద వాలుగా పెట్టుకోండి, లేదా బల్ల మీద స్టాండు వాడండి. పడుకుని ముఖం మీద ఎత్తి పట్టుకుని ఆడేవాళ్లకి నేను చెప్పగలిగిందేమీ లేదు. ఒకసారి ముక్కు మీద పడితే వాళ్లే మానేస్తారు.

స్టాండు ఎందుకంటే ఇంకో కారణం ఉంది. చేత్తో పట్టుకున్నప్పుడు ఎడమ బొటనవేలు తెలియకుండానే అద్దం అంచు మీదికి వస్తుంది. ఆట దాన్ని కూడా వేలుగానే లెక్కేస్తుంది. అప్పుడు కుడిచేత్తో మీరు జరిపింది కదలదు, లేదా వేరేచోట కదులుతుంది. "నేనిటు జరిపితే అదటు పోయింది" అని పెద్దమ్మ చేసిన ఫిర్యాదుల్లో సగానికి కారణం ఆ ఎడమ బొటనవేలే. మిగతా సగానికి కారణం జంతికలు. నూనె వేళ్లతో జరిపితే వేలు పక్క గడిలోకి జారుతుంది. ఏమీ కలవకపోతే మిఠాయి వెనక్కి వచ్చేస్తుంది, మూవ్ పోదు. పొరపాటున మూడు కలిశాయా, పోయినట్టే. వెనక్కి తీసుకునే వీలు ఈ ఆటలో లేదు. తినేది ఎడమచేత్తో తినండి, లేదా తిన్నాక ఆడండి.

నిలువుగా పెట్టుకోవాలా, అడ్డంగానా అన్నది మీ ఇష్టం. ఒకటి ఎంచుకున్నాక మాత్రం స్క్రీన్ తిరగకుండా ఆటో రొటేట్ ఆపెయ్యండి. బోర్డు చూసి మనసులో ఒక ఎత్తు వేసుకున్నాక తెర గిర్రున తిరిగితే వేసుకున్న ఎత్తంతా చెదిరిపోతుంది. డు నాట్ డిస్టర్బ్ కూడా పెట్టుకోండి. జరిపే క్షణానికి సరిగ్గా పైనుంచి వాట్సాప్ మెసేజ్ దిగుతుంది, వేలు దాని మీద పడుతుంది, ఎవరిదో పుట్టినరోజు కేకు తెరుచుకుంటుంది.

దించుకునేటప్పుడు ప్లే స్టోర్‌లోనో యాప్ స్టోర్‌లోనో ఆట పేరు కింద తయారు చేసినవాళ్ల పేరు చూడండి. ఇలాంటి బొమ్మలతో, ఇలాంటి పేర్లతో నకళ్లు బోలెడు. దించాక ఆటలో ఏదో ఒక అకౌంట్‌తో లాగిన్ అవ్వండి. లాగిన్ లేకుండా ఆడి, ట్యాబ్ పాడైతేనో, యాప్ తీసేస్తేనో, వందల లెవెళ్లు ఒక్క నిమిషంలో సున్నా అవుతాయి.

రంగు కాదు, ఆకారం చూడండి

క్యాండీ క్రష్‌లో మామూలు మిఠాయిలు ఆరు రంగులు. ప్రతి రంగుకీ ఒక ఆకారం ఉంది. ఎరుపు చిక్కుడు గింజలా వంగి ఉంటుంది. నారింజ రంగుది కోలగా, పసుపు నీటిచుక్కలా, ఆకుపచ్చ చదరంగా, నీలం గుండ్రంగా, ఊదా పువ్వులా గుత్తిగా ఉంటాయి. రాత్రిపూట తెర వెలుగు తగ్గించినప్పుడు, లేదా కళ్లకి హాయిగా ఉంటుందని పసుపు వెలుగు పెట్టుకున్నప్పుడు, ఎరుపూ నారింజా ఒకేలా కనబడతాయి. కంటి పొర ముదిరినవాళ్లకి నీలమూ ఊదా కలిసిపోవచ్చు. ఆకారం అలవాటైతే ఈ బాధ ఉండదు. రంగులు గుర్తుపట్టడంలో ఇబ్బంది ఉన్నవాళ్ల కోసం ఆండ్రాయిడ్‌లోనూ ఐప్యాడ్‌లోనూ యాక్సెసిబిలిటీ సెట్టింగుల్లో రంగులు సర్దే ఏర్పాటు ఉంది, దాన్నీ చూడండి.

బోర్డు పైన, మొదటి మూవ్‌కి ముందే, ఇంకొకటి లెక్కపెట్టాలి. ఈ లెవెల్‌లో ఎన్ని రంగులున్నాయి? నాలుగే ఉంటే పక్కపక్కన ఒకే రంగు పడే అవకాశం ఎక్కువ, వాటంతటవే కలిసిపోతుంటాయి, లెవెల్ తేలిక. ఐదైతే మధ్యస్థం. ఆరూ ఉంటే పైనుంచి పడేవాటి మీద ఆశ పెట్టుకోకండి, ప్రతిదీ మీరే కలపాలి.

తొందరెవరికి?

ఎక్కువ లెవెళ్లలో గడియారం ఉండదు. మూవ్‌ల లెక్క ఒక్కటే ఉంటుంది. ఇరవై మూవ్‌లు ఇచ్చారంటే ఇరవై నిమిషాలు ఆడినా, రెండు గంటలు ఆడినా ఇరవయ్యే. అయినా మన చెయ్యి ఆగదు. దానికి కారణం ఆటే. కాసేపు ఏమీ జరపకపోతే మూడు మిఠాయిలు కదులుతూ మెరుస్తాయి. "ఇదిగో ఇది కలుపు" అన్నట్టుంటుంది. అది సలహా కాదు, ఇక్కడ కలిపే వీలుందన్న గుర్తు మాత్రమే. మీరు సేకరించాల్సింది ఒక మూలనుంటే అది ఇంకో మూలన మెరుస్తుంది. మెరిసింది చూసి జరపడం మానేసిన రోజు నుంచీ పెద్దమ్మ ఆట మారిపోయింది.

అలాగే పైన స్కోరు వేలల్లో పెరుగుతుంటే చూసి మురిసిపోకండి. స్కోరు నక్షత్రాల కోసం. లెవెల్ దాటించేది పక్కనున్న లక్ష్యం: ఇన్ని జెల్లీలు, ఇన్ని చెర్రీలు కిందికి, ఇన్ని నీలం మిఠాయిలు. మొదట ఆ లక్ష్యం చదవండి. తరువాత దానికి అడ్డం ఏముందో చూడండి. ఆ తరువాతే వేలు పెట్టండి.

ఏది పోతే ఏది దిగుతుంది

ఈ మార్గదర్శి మొత్తంలో ఒక్కటే నేర్చుకుంటానంటే ఈ భాగం నేర్చుకోండి. మిగతావన్నీ ఆడుతుంటే వస్తాయి, ఇది ఎవరో చెబితే తప్ప కంటికి ఆనదు.

అడ్డంగా మూడు కలిస్తే మూడు నిలువు వరుసల్లో పైనున్నవన్నీ ఒక్కో గడి దిగుతాయి. నిలువుగా మూడు కలిస్తే ఒక్క నిలువు వరుసలోనే పైనున్నవి మూడేసి గళ్లు దిగుతాయి. పోయేవి రెండు సందర్భాల్లోనూ మూడే గాని బోర్డు కదిలే తీరు వేరు. కింద ఉన్నవి మాత్రం ఎప్పుడూ కదలవు.

దీన్ని వాడుకోవడం ఎలాగంటే: ఒక అడ్డ వరుసలో రెండు ఎరుపులు పక్కపక్కన ఉన్నాయనుకోండి. వాటి పక్క నిలువు వరుసలో, ఆ అడ్డ వరుసకి సరిగ్గా మూడు గళ్లు పైన, మూడో ఎరుపు ఉంది. చాలామంది దాన్ని వదిలేస్తారు, అంత దూరమా అని. ఆ నిలువు వరుసలోనే ఆ ఎరుపుకి కింద ఎక్కడైనా నిలువుగా మూడు కలపగలరేమో చూడండి. కలిస్తే ఎరుపు మూడు గళ్లు జారి, తనంతట తానే జత పక్కన కూర్చుంటుంది. ఒక్క మూవ్‌కి రెండు కలయికలు. అదే ఎరుపు ఒక్క గడి పైన ఉంటే, దాని కింద జతకి అవతలివైపుగా అడ్డంగా మూడు కలపండి. జత ఉన్న వరుసలు కదలవు, ఎరుపు ఒక గడి దిగి కలుస్తుంది.

ఇది తెలిశాక "కింద ఆడాలా, పైన ఆడాలా" అన్న పాత సందేహానికి జవాబు దొరుకుతుంది. మీ చేతిలో ఎత్తేమీ లేకపోతే కింద ఆడండి. పైనున్నదంతా కదులుతుంది, ఏదో ఒకటి కలిసే అవకాశం పెరుగుతుంది. పెద్దమ్మ దీన్ని గిలక్కొట్టడం అంటుంది. నాలుగో ఐదో కలపడానికి ఒకచోట అమర్చుకుంటున్నారా, అప్పుడు దాని కింద చెయ్యి పెట్టకండి. దాని పైన ఆడండి, లేదా అసలు సంబంధం లేని నిలువు వరుసల్లో ఆడండి. కష్టపడి అమర్చినదాన్ని మనమే కిందనుంచి లాగి పడగొట్టడం ఈ ఆటలో అందరూ చేసే తప్పు.

నాలుగు, ఐదు, మలుపు

నాలుగు వరుసగా కలిస్తే చారల మిఠాయి వస్తుంది. దాన్ని కదిలించి కలిపినప్పుడు ఒక వరుస మొత్తం ఊడ్చేస్తుంది. అడ్డ వరుసా, నిలువు వరుసా అన్నది దాని మీది చారల దిశ చెబుతుంది. చారలు మీరు చివరగా ఏ దిశలో జరిపారో ఆ దిశలో పడతాయి. ఇక్కడో తమాషా ఉంది. నాలుగు అడ్డంగా కలవాలంటే మధ్యలో ఖాళీలోకి నాలుగోది పైనుంచో కిందనుంచో రావాలి. అడ్డంగా జరిపి అడ్డంగా నాలుగు కలపడం కుదరదు. అందుకే అడ్డంగా నాలుగు కలిపితే నిలువు చారలు, నిలువుగా నాలుగు కలిపితే అడ్డ చారలు వస్తాయి. చెర్రీ కిందికి దింపాల్సిన లెవెల్‌లో మీకు కావాల్సింది నిలువు చారలది, అంటే అడ్డంగా నాలుగు వెతకాలి.

ఐదు, ఎల్ ఆకారంలోనో టీ ఆకారంలోనో మలుపు తిరిగి కలిస్తే చుట్టిన మిఠాయి వస్తుంది. మా ఇంట్లో దాని పేరు పొట్లం. అది పేలితే చుట్టూ అటు మూడు, ఇటు మూడు గళ్ల చదరం పోతుంది, కిందికి దిగి మళ్లీ ఒకసారి పేలుతుంది. రెండుసార్లు పేలుతుంది కాబట్టి రెండు పొరల జెల్లీ మీద దీనికి మించింది లేదు.

ఐదు సరళరేఖలో కలిస్తే కలర్ బాంబు. గోధుమరంగు ఉండ మీద రంగురంగుల చుక్కలుంటాయి. పెద్దమ్మ దాన్ని బూందీ లడ్డూ అంటుంది. ఏ రంగు మిఠాయితో తారుమారు చేస్తే బోర్డు మీద ఆ రంగంతా పోతుంది. దీన్ని తయారు చేసే ఆకారం గుర్తుపెట్టుకోండి: రెండు, మధ్యలో ఒక గడి వేరేది, మళ్లీ రెండు. ఆ మధ్య గడికి పైనో కిందో అదే రంగు ఉంటే లడ్డూ సిద్ధం. బోర్డు తెరుచుకోగానే ఈ రెండు-ఖాళీ-రెండు ఆకారం కోసం వెతకడం అలవాటు చేసుకోండి. సగం తయారై ఉంటే దాన్ని మూడుగా కలిపి పారెయ్యకండి. ఒకటి రెండు మూవ్‌లు దానికోసం ఖర్చుపెట్టినా గిట్టుబాటే.

వేరే ఆటల్లో పేర్లు మారతాయి. రాయల్ మ్యాచ్‌లో నాలుగుకి రాకెట్, మలుపుకి టీఎన్‌టీ, ఐదుకి లైట్ బాల్. అక్కడ నాలుగు చదరంగా కలిస్తే ప్రొపెల్లర్ వచ్చి, ఎగిరి వెళ్లి లక్ష్యాన్ని కొడుతుంది. మన కళ్లు వరుసలకే అలవాటుపడి చదరాల్ని దాటేస్తాయి. ఆ ఆట ఆడేవాళ్లు కొన్ని రోజులు చదరాల కోసమే చూస్తూ ఆడితే కన్ను తెరుచుకుంటుంది.

జత కలిపితే

ఈ ప్రత్యేక మిఠాయిలు రెండు పక్కపక్కన పడితే, రంగులతో పనిలేకుండా వాటినే ఒకదానితో ఒకటి మార్చవచ్చు. చారలదీ చారలదీ కలిస్తే ఒక అడ్డ వరుస, ఒక నిలువు వరుస పోతాయి. చారలదీ పొట్లమూ కలిస్తే మూడు అడ్డ వరుసలు, మూడు నిలువు వరుసలు. లడ్డూతో చారలది కలిస్తే బోర్డు మీద ఆ రంగువన్నీ చారలవై ఒకేసారి పేలతాయి. ఆ దృశ్యం కోసమే ఆడేవాళ్లున్నారు, తప్పులేదు. రెండు లడ్డూలు కలిస్తే మొత్తం బోర్డు ఒక పొర ఊడిపోతుంది.

మరి దాచుకోవాలా, వాడెయ్యాలా? నా లెక్క ఇది. రెండు ప్రత్యేకమైనవి ఒకదానికొకటి రెండు గళ్ల దూరంలో ఉంటే వాటిని కలిపే పని పెట్టుకోండి. అంతకన్నా దూరమైతే ఆశ వదులుకుని, లక్ష్యం దాని వరుసలోకి వచ్చిన వెంటనే వాడెయ్యండి. దాచినదాన్ని ఇంకో చారలది తగిలి అనవసరంగా పేల్చేస్తుంది. లడ్డూ ఒక్కటి వేరు. దాన్ని చారలు పక్కకి వచ్చేదాకా ఉంచడం మంచిదే, మూవ్‌లు పది దాకా మిగిలి ఉంటే. ఐదుకి వచ్చాక ఇంకా దాచుకోవడం పిసినారితనం.

మూలలు ముందు

లెవెల్ చివర్లో మిగిలేది ఎప్పుడూ మూలనున్న జెల్లీనే ఎందుకు? దురదృష్టం కాదు, లెక్క. బోర్డు మధ్యనున్న గడి మూడు గళ్ల వరుసలు ఆరింటిలో భాగం కాగలదు: అడ్డంగా మూడు రకాలు, నిలువుగా మూడు. అంచున మధ్యలో ఉన్న గడికి నాలుగే. మూలనున్న గడికి రెండే, అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి. మధ్యవి మీరు పట్టించుకోకపోయినా ఎప్పుడో ఒకప్పుడు పోతాయి. మూలవి పనిగట్టుకుని తీస్తే తప్ప పోవు. కాబట్టి మూవ్‌లు చేతినిండా ఉన్నప్పుడే మూలల పని పట్టండి. మూలలో కలిపే వీలు కనబడిందా, మధ్యలో ఎంత అందమైన కలయిక ఉన్నా దాన్ని పక్కనపెట్టి ఇది చెయ్యండి.

అడ్డంకులు

చాక్లెట్ ఉన్న లెవెల్‌లో ఒక నియమం తెలిస్తే చాలు. మీరు ఒక మూవ్‌లో చాక్లెట్‌ని ఏమీ తీయకపోతే అది పక్క గడికి పాకుతుంది. ఒక్కటి తీసినా ఆ మూవ్‌కి పాకదు. అంటే చాక్లెట్ పక్కన కలిపేదేదైనా ముందు అదే. పెరటిలో తుంగ లాంటిది, వేరు మిగిలితే మళ్లీ వస్తుంది. మొదటి మూడు నాలుగు మూవ్‌లలో మొత్తం తీసెయ్యగలిగితే లెవెల్ సగం అయినట్టే.

అంకె వేసిన బాంబులు ప్రతి మూవ్‌కీ ఒకటి తగ్గుతాయి, సున్నా అయితే ఆట పోతుంది. అంకె పెద్దదైతే కంగారు వద్దు, పక్కన మీ పని చేసుకోండి. ఐదు దాకా వచ్చేసరికి మాత్రం దాని రంగువి రెండు దగ్గరికి తెచ్చి ఉంచుకోవాలి.

పొరలు పొరలుగా ఉండే తెల్లటి క్రీము లాంటివి పక్కన ఏది కలిసినా ఒక పొర ఊడతాయి. వీటిని ఒక్కొక్కటిగా కొట్టేకంటే బోర్డుని రెండుగా చీల్చే గోడలా ఉన్నవాటిని ముందు తీయండి. గోడ పోతే పైనుంచి మిఠాయిలు కిందికి పారతాయి, బోర్డు ఊపిరి తీసుకుంటుంది.

చెర్రీలు, గింజలు కిందికి దింపే లెవెళ్లలో అవి ఉన్న నిలువు వరుసలోనే ఆడండి, వాటి కింద. నిలువుగా మూడు కలిస్తే మూడు గళ్లు దిగుతాయని పైన చెప్పుకున్నాం కదా, అది ఎక్కువగా అక్కరకొచ్చేది ఇక్కడే.

లైఫ్‌లు, డబ్బు, ప్రకటనలు

ఐదు లైఫ్‌లు ఇస్తారు. లెవెల్ ఓడి ఒకటి పోతే అరగంటకి తిరిగి వస్తుంది, ఐదూ పోతే నిండడానికి రెండున్నర గంటలు. దీన్ని తిట్టుకునేవాళ్లని చూశాను. నాకైతే అది మంచి ఏర్పాటే అనిపిస్తుంది. ఐదూ పోయాయంటే కళ్లు అలిసిపోయాయని అర్థం. మధ్యలో కూడా ఇరవై నిమిషాలకోసారి తల ఎత్తి, ఇరవై అడుగుల దూరంలో ఉన్నదేదైనా ఇరవై సెకన్లు చూడమని కంటి డాక్టర్లు చెబుతారు. మా ఊళ్లో ఇళ్లకి ఎదురింటి కొబ్బరిచెట్టు సరిగ్గా ఆ దూరంలో ఉంటుంది.

ఆట ఉచితం. అయినా కింగ్ సంస్థని 2016లో యాక్టివిజన్ బ్లిజార్డ్ కొన్నది 590 కోట్ల డాలర్లకి. ఆ విలువంతా ఎక్కడిదంటే, రెండు జెల్లీలు మిగిలి మూవ్‌లు అయిపోయిన ఆ క్షణంలోది. "ఇంకో ఐదు మూవ్‌లు కావాలా?" అని అడుగుతుంది చూశారా, అక్కడిది. ఆ బటన్ పెద్దగా, రంగుగా ఉంటుంది. వద్దనే గుర్తు మూలన చిన్నగా ఉంటుంది. చెయ్యి వేగంగా కదిలే వేళ అది.

అందుకే ఆట మొదలుపెట్టే ముందే తాళం వెయ్యండి. ఆండ్రాయిడ్‌లో ప్లే స్టోర్ తెరిచి, మీ ఫొటో మీద నొక్కి, సెట్టింగులలో కొనుగోళ్లకి ప్రతిసారీ పాస్‌వర్డో వేలిముద్రో అడిగేలా పెట్టండి. ఐప్యాడ్‌లో స్క్రీన్ టైమ్‌లోకి వెళ్లి, కంటెంట్ అండ్ ప్రైవసీ రిస్ట్రిక్షన్స్‌లో యాప్ లోపలి కొనుగోళ్లు వద్దని పెట్టవచ్చు. మా ఇంట్లో ఈ పని ఆలస్యంగా చేశాం. ప్లే స్టోర్‌లో వేసి ఉంచిన బ్యాలెన్స్‌తో మనవడు ఒక ఆదివారం ఆటలో డబ్బులా చెల్లే బంగారు కడ్డీలు కొనేశాడు. వాడి లెక్కలో అది నానమ్మకి బహుమతి. మీకు అలా జరిగితే ఊరుకోకండి. గూగుల్ ప్లేలో కొన్న 48 గంటల్లోపు రీఫండ్ అడగడానికి వీలుంది.

ఉచిత ఆటల్లో వచ్చే ప్రకటనల గురించి ఒక్క మాట. లెవెల్ లెవెల్‌కీ ప్రకటన వచ్చే చిన్న ఆటల్ని ఇంటర్నెట్ ఆపి ఆడుకోవచ్చు, అవి ఆఫ్‌లైన్‌లో నడిచేవైతే. ఆడితే డబ్బొస్తుందని ఊరించే ప్రకటన కనబడితే మాత్రం దాని జోలికి పోకండి. డబ్బు పందెం ఆన్‌లైన్ ఆటల్ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ వర్తించే చట్టం చేసింది. మిఠాయిలు కలపడానికీ దానికీ సంబంధం లేదు, పక్కపక్కన కనబడతాయంతే.

కాసేపు వేరే ఆట: మాహ్‌జాంగ్ జతలు

మెరుపులూ పేలుళ్లూ విసుగొస్తే మాహ్‌జాంగ్ సాలిటైర్ ఆడి చూడండి. ఇందులో జరపడం లేదు, ఒకేలా ఉన్న రెండు పలకల్ని గుర్తించి తీసెయ్యడమే. 1981లో బ్రోడీ లాకార్డ్ అనే అమెరికన్ దీన్ని ప్లేటో అనే కంప్యూటర్ వ్యవస్థ మీద తయారు చేశాడు. ప్రమాదంలో కాళ్లూ చేతులూ చచ్చుబడిపోతే నోట్లో పుల్ల పట్టుకుని మీటలు నొక్కాడు. వేలు వణికేవాళ్లకి ఈ ఆట ఎందుకు అంత హాయిగా ఉంటుందో దాని పుట్టుకలోనే ఉంది. జారుడు లేదు, గడియారం లేదు, నొక్కితే చాలు.

మొత్తం 144 పలకలు. పైన ఏమీ లేకుండా, ఎడమవైపో కుడివైపో ఖాళీగా ఉన్నదాన్నే తీయవచ్చు. కనబడిన జతనల్లా తీసేస్తే చివరికి ఇరుక్కుంటారు. ఎత్తుగా పేర్చిన మధ్య దిబ్బనీ, పొడుగాటి అడ్డ వరుసల చివర్లనీ ముందు విప్పండి. ఎక్కువ రకాల పలకలు నాలుగేసి ఉంటాయి. నాలుగూ కనబడితే రెండు జతలూ తీసెయ్యండి, భయం లేదు. మూడే కనబడితే ఆగి ఆలోచించాలి: ఏ రెండు తీస్తే కింద కొత్తవి ఎక్కువ బయటపడతాయో అవి తీయాలి.

ఇరుక్కుపోయిన లెవెల్

ఒకే లెవెల్ మీద పదిరోజులు కూర్చోవడం అందరికీ జరుగుతుంది. ఆస్ట్రేలియాలో పనిచేసే టోబీ వాల్ష్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త 2014లో నిరూపించింది ఏమిటంటే, సాధారణ రూపంలో చూస్తే ఈ ఆట కంప్యూటర్ శాస్త్రం కఠినమని లెక్కగట్టే సమస్యల జాబితాలోకే వస్తుంది. నేను ఇది చెప్పినప్పుడు పెద్దమ్మ ముఖం వెలిగిపోయింది.

ఇరుక్కున్నప్పుడు ఒక పద్ధతి ఉంది. లెవెల్ తెరిచి, ఏమీ జరపకుండా బోర్డు చూడండి. రెండు-ఖాళీ-రెండు ఉందా? లక్ష్యం దగ్గర నాలుగు కలిపే వీలుందా? ఏమీ లేకపోతే మొదటి మూవ్ వెయ్యకుండానే బయటికి వచ్చెయ్యండి. క్యాండీ క్రష్‌లో మూవ్ వెయ్యకుండా వెళ్తే లైఫ్ పోదు, మళ్లీ తెరిస్తే బోర్డు కొత్తగా పేరుస్తుంది. నాలుగైదుసార్లు ఇలా చేస్తే ఏదో ఒక మంచి బోర్డు వస్తుంది. సుత్తి లాంటి బూస్టర్లు, అంటే ఆటలో దొరికే అదనపు సాయాలు, దాచిపెట్టుకుని ఉంటే, వాటిని వాడదలిస్తే అలాంటి మంచి బోర్డు మీదే వాడండి. చెడ్డ బోర్డుని బాగుచెయ్యడానికి వాడితే బూస్టరూ పోతుంది, లెవెలూ పోతుంది.

ఓడిపోయిన ప్రతిసారీ చివర్లో ఏం మిగిలిందో ఒక కాగితం మీద రాయండి. మూడుసార్లు రాస్తే తెలుస్తుంది, మిగిలేది ఎప్పుడూ అదే మూల, అదే గడి. నాలుగోసారి ఆట అక్కడినుంచే మొదలుపెట్టండి. పెద్దమ్మ పాల పుస్తకం చివరి పేజీల్లో ఇలాంటి బొమ్మలు చాలా ఉన్నాయి, తొమ్మిది గళ్ల చదరాలు గీసి, మూలల్లో చుక్కలు పెట్టి.

నిన్న మళ్లీ ఫోను. "లడ్డూ పక్కనే చారలది పడిందిరా, కలిపెయ్యనా?"

"ఎన్ని మూవ్‌లున్నాయి పెద్దమ్మా?"

"పద్నాలుగు."

"చారలదేం రంగు?"

కాసేపు మాట లేదు. లెక్కపెడుతున్నట్టుంది. "ఆకుపచ్చ. బోర్డు మీద నాలుగే ఉన్నాయి. ఉండు, ఇంకో రెండు పడనీ" అని ఫోను పెట్టేసింది.